దేవదారు వలయాల్లో పాత చలికాలాల్ని చదవడం ఎలా?

చలికాలంలో దేవదారు పెరగదు. అయినా హిమాచల్‌లోని కిన్నౌర్ లాంటి పొడి లోయల్లో దాని కాండంలో ఏటా పడే వలయం చలికాలం సంగతే చెబుతుంది. అప్పుడు కురిసిన మంచు వసంతంలో కరిగి నేలను తడుపుతుంది. ఆ తడి చాలిన ఏడు వలయం వెడల్పుగా, చాలని ఏడు సన్నగా పడుతుంది. కాబట్టి మట్టి పలచగా ఉన్న రాతి వాలు మీది ముసలి చెట్లనే ఎంచుకోండి. వాగు పక్క చెట్టుకు ఏటా నీళ్లు అందుతాయి, దాని వలయాల్లో తేడాలు పెద్దగా ఉండవు. మన టేకు వలయాలు ప్రధానంగా వానల లెక్క చెబుతాయి, ఈ పనికి అవి రావు.

అటవీ శాఖ అనుమతి తీసుకుని కనీసం 20 చెట్ల నుంచి, చెట్టుకు రెండేసి చొప్పున కోర్లు, అంటే కాండంలోంచి సన్నటి కర్ర కడ్డీలు, తీయండి. ఇంక్రిమెంట్ బోరర్‌ను (కోర్ తీసే బోలు బరమా) 1.3 మీటర్ల ఎత్తులో, వాలుకు ఎగువ దిగువల నుంచి కాకుండా పక్కల నుంచి దించాలి. ఒరిగిన చెట్టు దిగువ వైపు వలయాలు వాతావరణంతో సంబంధం లేకుండా లావెక్కుతాయి. పని కాగానే బోరర్‌ను వెనక్కు తిప్పి తీసేయండి, ఆలస్యమైతే కర్రలో బిగుసుకుపోతుంది. సుమారు 5 మిల్లీమీటర్ల మందముండే కోర్‌ను కాగితపు స్ట్రాలో దాచండి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది.

ఆరాక, పీచు నిలువుగా ఉండేలా గాడి చెక్కలో అతికించి, 120 నుంచి 600 నంబరు దాకా ఉప్పుకాగితంతో రుద్దండి. పీచు పక్కకు తిరిగితే వలయాల గీతలు కనబడవు.

అసలు కష్టం తేదీలు కట్టడంలోనే. బాగా ఎండిన ఏడు చెట్టు కొన్నిచోట్ల వలయమే వేయదు. లెక్కలో ఆ ఒక్కటి తప్పిపోతే అంతకు ముందు ఏళ్లన్నీ ఒక ఏడు జరిగిపోతాయి. బెరడు కింది వలయానికి ఏడు రాసి లోపలికి లెక్కపెట్టండి, అన్ని చెట్లలో ఉమ్మడిగా కనిపించే సన్న వలయాల్ని పోల్చండి. ఆ తర్వాతే 0.01 మిల్లీమీటరు కచ్చితత్వంతో కొలిచి, తేదీల్ని పరీక్షించే కోఫెచా అనే ప్రోగ్రాంలో, మామూలుగా వాడే 50 ఏళ్ల ముక్కలుగా, సరిచూడండి. ఏ ముక్కకైనా మిగతా వలయాల వరుసలతో పొంతన (సహసంబంధం) 0.3281 కంటే తగ్గితే అది గుర్తు పెడుతుంది. గుర్తు పడిందని, వలయం పడలేదనుకుని ఆ ఏటికి సున్నా వెడల్పు వలయం చేర్చకండి, సూక్ష్మదర్శిని కింద కర్రనే మళ్లీ చూడండి.

వయసుతో వలయాలు సన్నబడే ధోరణిని తీసేయాలి. అందుకు ఆ ధోరణికి అమర్చే వక్రరేఖ మరీ మెలికలు తిరిగితే దశాబ్దాల చలికాలపు ఒడుదొడుకులు కూడా దాంతో కొట్టుకుపోతాయి. ఈపీఎస్ (తీసిన చెట్ల సగటు అక్కడి చెట్లన్నిటి ఉమ్మడి సంకేతాన్ని ఎంత బాగా చూపుతుందో చెప్పే కొలత) 0.85 దాటిన కాలాన్నే నమ్మండి.

చివరగా ప్రతి వలయం వెడల్పునూ అది పడిన ఏటికి ముందు ఏడు సెప్టెంబరు నుంచి నెలవారీ వాన, మంచు, ఉష్ణోగ్రతలతో పోల్చి, ఏ నెలల ప్రభావం బలమో చూడండి. వాతావరణ రికార్డులో సగంతో, వలయాల నుంచి వాతావరణాన్ని అంచనా వేసే సమీకరణం కట్టి, మిగతా సగంతో పరీక్షించండి. ఆర్‌ఈ (అంచనా ఉత్త సగటు కంటే ఎంత మెరుగో చెప్పే కొలత) సున్నా కంటే ఎక్కువ రావాలి. రిగ్రెషన్, అంటే ఆ సమీకరణం కట్టే పద్ధతి, తీవ్రమైన చలికాలాల్ని కూడా సగటు వైపు లాగుతుంది. అందుకే అంచనా ఎంత తప్పవచ్చో చూపే దోషపు పట్టీని గ్రాఫులో తప్పక వేయండి.