జబ్బు పేరు ఇంకా తేలలేదా? నరాల సమస్యకు జవాబు వెతుక్కోవడం ఎలా?

చేయి తిమ్మిరెక్కుతుంది. పది రోజులకు దానంతటదే తగ్గుతుంది. కొన్ని నెలలకు ఒక కన్ను మసకబారుతుంది, అదీ తగ్గుతుంది. తీరా డాక్టర్ ముందు కూర్చునే రోజుకు ఒంట్లో ఏమీ ఉండదు. "రిపోర్టులన్నీ నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి" అంటారు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు కాలు ఈడ్చుకుపోతుంది.

ఇందులో డాక్టర్ తప్పు ఉండొచ్చు, లేకపోనూవచ్చు. చాలా నరాల జబ్బులు మెషీన్‌లో కనబడవు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు వణుకు జబ్బు (ఇప్పుడు పార్కిన్సన్స్ అంటున్నది) గురించి రాసినప్పుడు ఆయన దగ్గరున్నది ఆరుగురి కథే. వాళ్ళలో కొందరిని ఆయన వీధిలో చూశాడంతే. ఇప్పటికీ ఆ జబ్బును ప్రధానంగా మాట విని, నడక చూసి, చేతులు కదిలించి చూసి గుర్తిస్తారు. మామూలు ఎమ్మారైలో అది పట్టుబడదు. అంటే మీరు చెప్పేది కూడా ఒక పరీక్షే. ఆ పరీక్ష బాగా జరిగేలా చూసుకోవడం మీ చేతిలో ఉంది.

1. ముందుగా, ఆగకూడనివి

కింది వాటికి డైరీలు, అపాయింట్‌మెంట్లు పనికిరావు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

- ఉన్నట్టుండి మూతి వంకరపోవడం, ఒక పక్క చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడటం, చూపు పోవడం. చివరిసారి బాగా ఉన్న టైమ్ గుర్తుపెట్టుకోండి. ఇవి పక్షవాతం గుర్తులు, మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. పది నిమిషాల్లో తగ్గిపోయినా వెళ్ళాల్సిందే.
- క్షణాల్లో భరించలేని స్థాయికి చేరిన తలనొప్పి
- 5 నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్
- జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, తికమకగా మాట్లాడటం
- కాళ్ళ నుంచి పైకి పాకుతున్న బలహీనత, మింగడానికో ఊపిరికో ఇబ్బంది
- తొడల మధ్య మొద్దుబారి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం

2. "తిమ్మిరి" అని ఆగిపోకండి

నా ఉద్దేశంలో సగం ఆలస్యం ఇక్కడే జరుగుతుంది. మనం తిమ్మిరి అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులు చెప్పేస్తాం. ముట్టుకుంటే తెలియకపోవడం ఒకటి. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉండటం ఇంకొకటి. స్పర్శ బాగానే ఉండి, చేయి మాట వినకపోవడం మూడోది. మొదటి రెండూ స్పర్శకు సంబంధించినవి, మూడోది కదలికకు సంబంధించినది. డాక్టర్ వెతికే దారి అక్కడే మారిపోతుంది.

అందుకే పేరు పెట్టకుండా, ఏ పని చేయలేకపోతున్నారో చెప్పండి. "చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాను", "చెప్పు జారిపోయినా తెలియట్లేదు", "మెట్లు దిగేటప్పుడు మోకాలు మడత పడిపోతోంది". ఇలాంటి ఒక్క వాక్యం పది "నీరసంగా ఉందండీ"ల పెట్టు.

తల తిరగడం కూడా అంతే. మంచం మీద పక్కకు తిరగ్గానే గది గిర్రున తిరిగి నిమిషంలో ఆగిపోతే, చాలాసార్లు కారణం లోపలి చెవిలో ఉంటుంది. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మితే బీపీ చూడాలి. తల నిలకడగానే ఉండి నడకలో తూలుతుంటే అది మరో దారి. ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకున్నప్పుడు తూలి పడబోతున్నారా? తప్పకుండా చెప్పండి. పాదాల నుంచి మెదడుకు అందాల్సిన సమాచారం సరిగ్గా అందట్లేదనడానికి అది మంచి ఆనవాలు.

స్పర్శ తగ్గిన చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఒంటి మీద పెన్నుతో గీసి ఫోటో తీయండి. రెండు కాళ్ళకూ సాక్సులు తొడిగినంత మేర ఉంటే ఒంట్లోని పొడవైన నరాలను అనుమానిస్తారు. చిటికెన వేలు, ఉంగరం వేలిలో సగం అయితే మోచేతి దగ్గర నలిగే నరాన్ని చూస్తారు. పొట్ట చుట్టూ బెల్టులా ఉంటే వెన్నుపామును చూస్తారు.

ఇక "నరాల బలహీనత" అనే మాటను మర్చిపోండి. అది ఏ జబ్బు పేరూ కాదు. టానిక్కులు అమ్ముకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

3. వేళను పట్టుకోండి

రోజుకో లైను చాలు: ఏమైంది, ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, అంతకు ముందు ఏం చేస్తున్నారు, ముందు రాత్రి నిద్ర ఎలా ఉంది. ఆడవాళ్ళయితే నెలసరి తేదీ కూడా రాయండి.

వేళకు ఎందుకింత విలువంటే, కొన్ని జబ్బులు దాని వల్లే దొరుకుతాయి. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్పలు వాలిపోవడం, నమిలే కొద్దీ దవడ అలసిపోవడం, వాడే కొద్దీ కండరాలు బలం కోల్పోయే మయస్తీనియా గ్రావిస్‌ను గుర్తుచేస్తాయి. ఒంటికి శ్రమ కలిగినప్పుడు చూపు మసకబారడాన్ని ఉత్‌హాఫ్ అనే వైద్యుడు 1890లోనే గమనించాడు. వేడినీళ్ళ స్నానం చేస్తే చూపు మసకబారి, ఒళ్ళు చల్లబడ్డాక సర్దుకోవడమూ అలాంటిదే. మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో అది కనబడుతుంది. ఆ జబ్బును తేల్చడానికి సాధారణంగా నాడీ వ్యవస్థలో వేర్వేరు చోట్ల, వేర్వేరు సమయాల్లో దెబ్బ తగిలినట్టు ఆధారం చూస్తారు. పైన మొదట్లో చెప్పిన చేయి, కన్ను, కాలు మూడు విడి సంగతులుగా ముగ్గురు డాక్టర్లకు చేరితే ఎవరికీ ఏమీ అనిపించదు. ఒకే కాగితం మీద తేదీలతో వరసగా కనబడితే వెంటనే అనుమానం వస్తుంది.

రాసేది రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలే. గంటకోసారి ఒంటిని తడిమి చూసుకుంటూ కూర్చుంటే లేని లక్షణాలు కూడా కనబడటం మొదలవుతాయి.

స్పృహ తప్పడం, వణకడం, కాళ్ళూచేతులూ కొట్టుకోవడం వంటివి వస్తుంటే వీడియో తీయమని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. ఒళ్ళంతా కనబడాలి, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా తెలియాలి. పేరు పెట్టి పిలవాలి, తేరుకున్న తర్వాత కూడా కాసేపు తీయాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు.

4. మందులన్నీ ఒక సంచిలో వేయండి

మామూలు మాత్రలు, ఆయుర్వేదం, పౌడర్లు, విటమిన్లు, అన్నీ. తల తిరగడానికి నెలల తరబడి వాడిన సిన్నరిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ అచ్చం పార్కిన్సన్స్ లాంటి బిగుతును, వణుకును తెచ్చిపెట్టగలవు. షుగర్‌కు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటే నరాలకు అవసరమైన విటమిన్ బి12 తగ్గొచ్చు. టీబీకి వాడే ఐసోనియాజిడ్ వల్ల కాళ్ళల్లో మంటలు రావచ్చు. విచిత్రమేంటంటే దానికి విరుగుడుగా ఇచ్చే బి6నే మోతాదు మించి చాలాకాలం వాడినా నరాలు దెబ్బతింటాయి. తలనొప్పి మాత్రలు నెలలో 10, 15 రోజులు వేసుకుంటుంటే ఆ మాత్రలే తలనొప్పికి కారణం కావచ్చు.

అలాగని ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. ఫిట్స్ మందులు, నిద్రమాత్రలు ఠక్కున ఆపితే ప్రమాదం.

ఇంకో చిన్న సంగతి. బి12 పరీక్షకు ముందే విటమిన్ మాత్రలు మొదలుపెడితే రిపోర్టు బాగా ఉన్నట్టు కనబడి మోసం చేస్తుంది. రక్తం ఇచ్చాక మొదలుపెట్టండి. జుట్టుకోసం వేసుకునే బయోటిన్ థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేయగలదు కాబట్టి దాని గురించీ ల్యాబ్‌లో చెప్పండి.

5. "నార్మల్" అంటే ఏం నార్మల్?

ఎమ్మారై చూపించేది ఆకారం. ఆ భాగం సరిగ్గా పనిచేస్తోందా అన్నది దాని పని కాదు. మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే మామూలు ఈఈజీ అరగంట లోపే అయిపోతుంది, ఆ అరగంటలో మూర్ఛ జాడ కనబడకపోతే మూర్ఛ లేనట్టు కాదు. అవసరమైతే నిద్ర మానిపించి తీస్తారు, లేదా రోజుల తరబడి వీడియోతో కలిపి తీస్తారు. నరాల వేగం చూసే పరీక్షకు పెద్ద తంతువులే అందుతాయి. అరికాళ్ళు భగ్గుమని మండించే సన్నని తంతువుల జబ్బులో అది నార్మల్‌గా రావచ్చు, అప్పుడు చర్మం ముక్క తీసి చూస్తారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎమ్మారైలో తెల్లచుక్కలు, ఉబ్బిన డిస్కులు ఏ బాధా లేనివాళ్ళకూ కనబడతాయి. రాత్రి రెండింటికి రిపోర్టులోని ఒక్కో పదాన్నీ ఫోన్‌లో వెతికి తెల్లారేసరికి ఘోరమైన జబ్బు తగిలించుకోకండి. కండ అదరడం ఒక్కటే ఉండి బలం తగ్గకపోతే అది సాధారణంగా హాని లేనిదే.

రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ బొమ్మల సీడీ కూడా అడిగి తీసుకోండి. ఈఈజీకి వెళ్ళేముందు తలస్నానం చేయండి, నూనె రాయకండి.

6. డాక్టర్ గదిలో

ఒక పేజీ. దాని మీద తేదీల వరస, ఇప్పుడు చేయలేని పనులు, మందులు, కుటుంబంలో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా, రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు జరిగాయా అన్నవి ఉంటే చాలు. మీ భయం ఏమిటో సూటిగా చెప్పేయండి. లేచి వచ్చేలోపు ఈ నాలుగూ అడగండి: ఇప్పటికి ఏవేవి కాదని తేలింది? ఇంకా దేన్ని అనుమానిస్తున్నారు? ఏ మార్పు వస్తే ఆగకుండా రావాలి? మళ్ళీ ఎప్పుడు చూస్తారు?

7. "మనసు వల్లే" అన్నప్పుడు

కోపం వస్తుంది, రావడం సహజం. కానీ తలుపు విసిరేసి వచ్చేముందు "ఏ ఆధారంతో అంటున్నారు?" అని అడగండి. నరాలకు దెబ్బేమీ కనబడకుండానే వాటి పనితీరు గాడి తప్పే ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అనేది నిజమైన జబ్బు, నటన కాదు. మిగతావన్నీ నార్మల్ కాబట్టి అని దాన్ని అంటగట్టకూడదు, దానికి సొంత గుర్తులున్నాయి. 1908లో హూవర్ అనే వైద్యుడు చెప్పినది అలాంటిదే. పడుకున్న మనిషి చచ్చుబడిన కాలి మడమను మంచానికి అదమలేకపోతాడు. అదే రెండో కాలు పైకెత్తమంటే ఈ మడమ దానంతటదే గట్టిగా అదుముతుంది. గుర్తు చూపించి చెప్పే డాక్టర్‌ను నమ్మొచ్చు. తగిన ఫిజియోథెరపీతో చాలామంది మెరుగవుతారు కూడా. గుర్తేమీ చూపకుండా "అంతా టెన్షనే" అంటే మరొకరికి చూపించుకోండి. 2007లో, ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్‌కు కారణం తెలిసేదాకా, అది వచ్చిన కొందరిని మానసిక రోగులనే అనుకున్నారు.

రెండో అభిప్రాయానికి మొదటి డాక్టర్ కాగితాలు దాచకండి. ఆరో డాక్టర్, ఏడో డాక్టర్ అంటూ ప్రతిసారీ మొదటికి వెళ్ళడం కంటే, మిమ్మల్ని ఆరునెలలకోసారి చూసి మార్పు పట్టుకునే ఒకరు నయం.

8. పేరు లేకుండానే రోజు గడవాలి

పేరు తేలకపోయినా నొప్పికి, నిద్రకు, కండరాల బిగుతుకు వైద్యం అడగొచ్చు. స్పృహ తప్పుతున్నవాళ్ళు డాక్టర్ సరేననేదాకా బండి నడపకండి, ఒంటరిగా ఈతకు దిగకండి, బాత్రూమ్ గడియ పెట్టకండి. పాదాలకు స్పర్శ లేకపోతే నీళ్ళ వేడి మోచేత్తో చూసుకోండి, రోజూ అరికాళ్ళు చూసుకోండి. అలసిపోయాక కాదు, అలసట రాకముందే కాసేపు ఆగండి. "ఇంతకీ ఏం జబ్బు?" అని అడిగేవాళ్ళకు "పరీక్షలు జరుగుతున్నాయి" అంటే సరిపోతుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే ఎవరికైనా చెప్పండి, డాక్టర్‌కైతే తప్పనిసరిగా.

ఏళ్ళు గడిచినా తేలకపోతే వైద్య కళాశాలకు అనుబంధమైన పెద్ద ఆసుపత్రికి, జన్యు విభాగానికి రాయించుకోండి. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2008లో పేరు తేలని జబ్బుల కోసమే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. జన్యు పరీక్షలో ఏమీ దొరకలేదన్నా ఆ ఫైలు పారేయకండి. జబ్బు తెచ్చే కొత్త జన్యువులు బయటపడుతూనే ఉంటాయి. ఏడాది, రెండేళ్ళు ఆగి పాత డేటానే మళ్ళీ చూడమని అడగండి, చాలాసార్లు కొత్తగా రక్తం కూడా ఇవ్వనక్కర్లేదు.