సంక్రాంతి దాటిన మిరప, చిక్కుడు: చివరి కోతల సాగు

ఆషాఢ, శ్రావణ మాసాల్లో గింజ పెట్టిన చిక్కుడు పాదు, వానాకాలం చివర నాటిన మిరప మొక్క సంక్రాంతి నాటికి నిండు కాపులో ఉంటాయి. అక్కడి నుంచి ఉగాది వరకు ఉండే రెండు నెలల పైచిలుకు కాలాన్ని పెరటి తోటల వారు, మిద్దెతోటల వారు చాలామంది పంట ముగింపుగానే లెక్కవేసి, నీళ్లు తగ్గించి, దొరికినన్ని కాయలు కోసుకుని ఊరుకుంటారు. నిజానికి పండు మిరప, ఎండు మిరప, చల్ల మిరపకాయలు, చిక్కుడు గింజలు, మరుసటి ఏటికి విత్తనం ఇవన్నీ చేతికి వచ్చేది ఈ కాలంలోనే. అయితే ఒకే మొక్క నుంచి అన్నిటినీ ఆశించడం కుదరదు. ఏ మొక్కను పచ్చికాయకు ఉంచాలో, దేన్ని పండనివ్వాలో, దేన్ని విత్తనానికి వదలాలో సంక్రాంతి నాటికే నిర్ణయించుకోవాలి.

దీనికి కారణం మొక్క స్వభావంలోనే ఉంది. కాయ ముదిరి లోపల గింజ గట్టిపడటం మొదలైతే మొక్క తన బలాన్నంతా అటు మళ్లించి కొత్త పూతను తగ్గించుకుంటుంది. పాదు మీద పది చిక్కుడు కాయలను ముదరనిచ్చి, ఆ తరువాత పూత రావడం లేదని ఎరువు వేసేవారు కనిపిస్తూనే ఉంటారు. అక్కడ కావలసింది ఎరువు కాదు, కోత. లేత కాయలు కావాలనుకున్న చిక్కుడును మూడు నాలుగు రోజులకొకసారి, పచ్చిమిర్చికి ఉంచిన మొక్కను వారానికొకసారి తప్పకుండా కోయాలి. ఇంట్లో అవసరం లేకపోయినా కోసి ఇరుగుపొరుగుకు ఇవ్వడమే మొక్కకు మేలు.

ఇక కాలం లెక్క. మిరపలో పూత నిలిచి పిందె కట్టడానికి 20 నుంచి 30 డిగ్రీల వేడి అనుకూలం. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వెచ్చబడితే పూత రాలిపోతుంది. పిందె కట్టిన తరువాత పచ్చిమిర్చిగా కోయడానికి దాదాపు నెల, ఎర్రగా పండటానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. కాబట్టి ఉగాదికి పండు మిరప కావాలంటే అందుకు పనికివచ్చే పూత జనవరి నెలాఖరుకల్లా నిలిచి ఉండాలి. ఫిబ్రవరిలో వచ్చే పూతను పచ్చిమిర్చికే లెక్కవేసుకోవాలి. మార్చి నడిమి తరువాత రాయలసీమలోనూ తెలంగాణలోనూ వచ్చే పూత మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. నీడవల కింద ఉన్న కుండీల్లో కొంత నిలిస్తే అది అదనపు లాభం.

చిక్కుడు లెక్క వేరు. పందిరికి పాకే పాత నాటు రకాలు పగటి పొద్దు కురచబడితే తప్ప పూయవు. మన ప్రాంతంలో జూన్‌లో 13 గంటల పైచిలుకు ఉండే పగలు డిసెంబరు నాటికి 11 గంటలకు తగ్గుతుంది. అందుకే వానాకాలమంతా ఆకు తొడిగిన పాదు కార్తీకం తరువాతే పూతకు వస్తుంది. మాఘమాసంలో రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడాకులో పరమాన్నం నివేదించే ఆచారం కూడా కాపు నిండుగా ఉండే ఈ రోజుల్లోనే వస్తుంది. ఫాల్గుణం వచ్చేసరికి పగలు పెరిగి, ఎండ ముదిరి, ఈ రకాలు పూత తగ్గించేస్తాయి. ఇంకా కొంతకాలం కాయ కావాలనుకునేవారు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ వంటి పొట్టి రకాలను పెట్టుకోవచ్చు. పగటి పొద్దుతో వీటికి పని లేదు, పందిరి కూడా అక్కర్లేదు. ఫ్రెంచ్ బీన్స్‌ను మాత్రం సంక్రాంతి తరువాత మైదాన ప్రాంతాల్లో విత్తడం వృథా శ్రమ. అది చల్లదనం కోరే పంట. ఖాళీ అయిన చోట గోరుచిక్కుడు గాని, బొబ్బర్లు గాని పెట్టండి. రెండూ ఎండను తట్టుకుంటాయి, ఫిబ్రవరిలో వేస్తే వేసవి కూరకు అందివస్తాయి.

అమెరికాలో, మంచు గడ్డకట్టే ప్రాంతాల్లో పెరటి తోటలు పెంచే తెలుగువారికి పొద్దు కురచబడితేనే పూసే ఈ నాటు చిక్కుడు గుణం చిక్కు తెచ్చిపెడుతుంది. ఊరి నుంచి తెప్పించుకున్న నాటు చిక్కుడు గింజ న్యూజెర్సీలో వేసవి అంతా కంచెను కప్పేసి, పగలు కురచబడే సెప్టెంబరు నెలాఖరు వరకు పూత చూపదు. పిందె కట్టేలోపు అక్టోబరులో మంచు పడి పాదు నల్లబడిపోతుంది. అటువంటి చోట పొట్టి రకాలే శరణ్యం. డాలస్ వంటి చోట్ల మంచు సాధారణంగా నవంబరు దాకా ఆగుతుంది కనుక నాటు రకం కూడా కొన్ని కోతలు ఇస్తుంది. మిరపకు వచ్చేసరికి, గడ్డకట్టే రాత్రి వస్తుందని తెలిసిన సాయంత్రమే కాయలన్నీ కోసేయాలి. రంగు తిరగడం మొదలైన కాయ ఇంట్లో ఉంచినా పండుతుంది, మరీ లేతది పండదు. మొక్కనే వేళ్లతో పెకలించి గరాజులో తలకిందులుగా వేలాడదీస్తే మరికొన్ని పండుతాయి. కుండీ మిరపనైతే రాత్రి వేడి 10 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోకముందే ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.

నీరు, ఎరువు

ఈ దశలో నీరు పోయడంలో క్రమం తప్పడం వల్ల జరిగే నష్టం తక్కువ నీరు పోయడం కన్నా ఎక్కువ. మూడు రోజులు ఎండగట్టి నాలుగో రోజు ముంచెత్తితే మిరపలో పూత, పిందె రాలిపోతాయి, కాయ అడుగు భాగం నల్లబడుతుంది. జనవరిలో రోజు విడిచి రోజు సరిపోయిన కుండీకి మార్చిలో రోజూ నీరు కావాలి. మిద్దె మీద మరీ ఎండ పడే చోట పొద్దున ఒకసారి, సాయంత్రం కొద్దిగా మరోసారి పోయవలసి రావచ్చు. మట్టి పైన రెండంగుళాల మందాన ఎండుటాకులు గాని, వరిగడ్డి గాని పరిస్తే తేమ నిలుస్తుంది. సాయంత్రం పూట ఆకుల మీద నీరు చల్లడం మాత్రం మానుకోవాలి.

చిక్కుడు వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని నిలుపుకునే సూక్ష్మజీవులు ఉంటాయి కనుక దానికి యూరియా అక్కర్లేదు. వేస్తే ఆకు ఏపుగా పెరిగి పేనుబంకకు విందు చేసినట్టవుతుంది. పాదు మొదట్లో గుప్పెడు కట్టెల బూడిద, రెండు గుప్పిళ్ల చివికిన పశువుల ఎరువు చాలు. మిరపకు పదిహేను రోజులకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు, కొద్దిగా వేపపిండి మట్టిలో కలిపి, కాపు బరువుగా ఉంటే లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువును కలిపి ఆకుల మీద పిచికారీ చేయవచ్చు.

పురుగులు, తెగుళ్లు

మబ్బు పట్టిన చలి రోజుల్లో చిక్కుడు కొసలకు, పూగుత్తులకు నల్లగా పేనుబంక పడుతుంది. తక్కువగా ఉన్నప్పుడు ఆ కొసను తుంచి పారేయడం, నీటి ధారతో బలంగా కడగడం చాలు. అక్కడ అక్షింతల పురుగులు తిరుగుతుంటే రెండు మూడు రోజులు ఓపిక పట్టడం మంచిది, ఎందుకంటే అవి పేనుబంకను తిని బతుకుతాయి. మించిపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. పూతను, పిందెను గూడుగా అల్లుకుని లోపల తినే మరుకా పురుగుకు పిచికారీ అంతగా అందదు. అల్లుకున్న గుత్తులను చేత్తో ఏరి నాశనం చేయడమే పెరటి తోటలో నమ్మదగిన మార్గం.

మిరపలో ఆకు ముడత చూడగానే ఏదో ఒక మందు కొట్టడం తగదు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే అది తామర పురుగుల పని, కిందికి ముడుచుకుని ఆకు తిరగేసిన దోనెలా కనిపిస్తే నల్లి పని. మొదటిదానికి వేపనూనె, నీలిరంగు జిగురు అట్టలు ఉపయోగపడతాయి. రెండోదానికి నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున వాడాలి. ఆకు అడుగున తెల్లని పొడిలా పరుచుకునే బూడిద తెగులుకు కూడా ఇదే గంధకం పనిచేస్తుంది. అయితే ఎండ ముదిరిన వేళ గంధకం కొడితే ఆకు మాడుతుంది, నూనె పిచికారీకి గంధకానికి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలోనే దాగి ఉంటుంది. తెల్ల కాగితం మీద పూలను దులిపితే సన్నని నల్లని నలుసులు కదులుతూ కనిపిస్తాయి, కాబట్టి వారానికొకసారి ఇలా చూసుకోవడం మంచి అలవాటు. ఆకులు చిన్నవై, పసుపుబారి, మొక్క గిడసబారితే అది చాలావరకు తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. అటువంటి మొక్కను పీకేయడం మినహా చేయగలిగింది లేదు.

కోత, నిల్వ

కోతకు అనువైన వేళ మంచు ఆరిన తరువాతి పొద్దు. తడి కాయ బుట్టలో త్వరగా మచ్చపడుతుంది. మిరపను తొడిమతో సహా, కొమ్మను ఒక చేత్తో పట్టుకుని కోయాలి. లాగితే ముదిరిన కొమ్మ విరుగుతుంది. చిక్కుడులో మరో జాగ్రత్త ఉంది. కాయ తెంపేటప్పుడు పూగుత్తి కాడను విరవకూడదు, ఎందుకంటే అదే కాడ మీద మళ్లీ పూత వస్తుంది. చిన్న కత్తెర వాడితే ఈ ఇబ్బంది ఉండదు.

పండు మిరప పచ్చడికి కాయ పూర్తిగా ఎర్రబడి, చర్మం ఇంకా బిగువుగా ఉన్నప్పుడే కోయాలి. కడిగినా, తడి బట్టతో తుడిచినా నీడన పూర్తిగా ఆరబెట్టిన తరువాతే తొడిమలు తీయాలి. తొడిమ తీసి కడిగితే లోపలికి నీరు చేరి పచ్చడి బూజు పడుతుంది. కిలో పండు మిరపకు పావు కిలో చింతపండు, దాదాపు అంతే ఉప్పు వేసి దంచి, జాడీలో పెట్టి, మూడో రోజు మళ్లీ రుబ్బుకోవడం చాలా ఇళ్లలో ఉన్న పద్ధతి. చల్ల మిరపకాయలకు కండగల, కారం తక్కువైన పచ్చికాయలే తగినవి. కాయ మధ్యలో గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో మూడు రోజులు నానబెట్టి, ఆపై పగలు ఎండలో, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో ఉంచుతూ మజ్జిగ ఇంకిపోయేదాకా ఎండబెట్టాలి. ఫిబ్రవరి, మార్చి ఎండలు దీనికి సరిగ్గా సరిపోతాయి.

ఎండు మిరపకైతే కాయను మొక్క మీదే కొంత వాడనిచ్చి కోయవచ్చు. కోసిన కాయను నేల మీద గాక పరిశుభ్రమైన పట్టా మీద పలుచగా పరచి, రోజుకు రెండు మూడుసార్లు తిరగేస్తూ ఎండబెట్టాలి. సాయంత్రం కుప్పచేసి కప్పకపోతే రాత్రి మంచుకు తడిసి రంగు పోతుంది, తాలుకాయలు (రంగు పోయి తెల్లబడినవి) పెరుగుతాయి. తడి మిగిలిన కాయలో పట్టే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది కనుక సగం ఎండినదాన్ని డబ్బాలో పోయకూడదు. ఊపితే గింజలు గలగలలాడాలి. వందకిలోల పండుకాయ ఎండితే 25 నుంచి 35 కిలోలే మిగులుతుంది, కాబట్టి కుండీల మిరప నుంచి ఏడాదికి సరిపడా కారం వస్తుందని ఆశించకూడదు.

ముదిరిన చిక్కుడు కాయల్లోని పచ్చి గింజలు కూరకు బాగుంటాయి. పూర్తిగా ఎండిన గింజలకు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. వాటిలో సహజంగానే కొంత విషపదార్థం ఉంటుంది; రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో మూత పెట్టకుండా బాగా ఉడికించాలి, ఆ నీటిని కూడా వంపేయాలి.

విత్తనానికి, కాపు మొదటి నుంచీ ఆరోగ్యంగా ఉన్న ఒక చిక్కుడు పాదుపై పది పదిహేను కాయలను గుర్తుగా దారం కట్టి, తీగ మీదే ఎండనివ్వాలి. చిక్కుడు ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది కనుక రకం నిలుస్తుంది. మిరప అలా కాదు. పక్కన మరో రకం ఉంటే తేనెటీగల వల్ల కలిసిపోతుంది, హైబ్రిడ్ మొక్క గింజ తల్లిని పోలదు. కాబట్టి నాటు రకం నుంచి, ఇతర రకాలకు దూరంగా ఉన్న మొక్క నుంచే ఎర్రగా పండిన కాయను తీసుకుని, గింజలను నీడన ఆరబెట్టాలి. చిక్కుడు గింజలకు కొద్దిగా ఆముదం పట్టించి, కట్టెల బూడిద కలిపి, గాలి చొరని సీసాలో పోస్తే పుచ్చు పురుగు పట్టదు. కోతలు అయిపోయిన ఆరోగ్యకరమైన మిరప మొక్కను పీకవలసిన పని లేదు: మార్చి చివర్లో అడుగు ఎత్తున మిగిలేలా కత్తిరించి, సగం నీడనిచ్చే వల కింద పెట్టి, మట్టి ఎండిపోకుండా చూస్తే తొలకరితో మళ్లీ చిగుర్చి, కొత్త నారు కన్నా ముందే కాపుకు వస్తుంది.