షిట్జు కుక్క: స్వభావం తెలుసుకుని పెంచుకునే పద్ధతి

కుక్కను పెంచుకోవాలని ఉన్నా అపార్ట్‌మెంటులో పెద్ద జాతికి చోటు లేదని వెనకాడేవాళ్లు ఈమధ్య షిట్జు వైపు మొగ్గుతున్నారు. ఒకప్పుడు మన పట్టణాల్లో ఇంట్లో తిరిగే చిన్న కుక్క అంటే పామరేనియన్ పేరే చెప్పేవారు; ఇప్పుడు హైదరాబాదులోనైనా విశాఖపట్నంలోనైనా అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో, కళ్ల మీదికి జుట్టు వాలిన షిట్జులు తరచుగా కనిపిస్తున్నాయి. ఎత్తు పది అంగుళాలకు అటూ ఇటూగా, బరువు 4 నుంచి 7 కిలోల వరకు ఉండే ఈ కుక్కకు స్థలం పెద్దగా అక్కరలేదన్న మాట నిజమే. కానీ ఒంటి పరిమాణాన్ని చూసి పని కూడా తక్కువే అనుకుంటే మాత్రం కుక్క కష్టపడుతుంది. రోజూ దువ్వడానికి, కళ్లు తుడవడానికి, పళ్లు తోమడానికి ఇంట్లో ఒకరు అరగంట కేటాయించగలరా, పగలంతా దానికి మనిషి తోడు దొరుకుతుందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకున్న తర్వాతే ఈ జాతిని ఇంటికి తెచ్చుకోవాలి.

దీని స్వభావం దాని పుట్టుపూర్వోత్తరాలలోనే ఉంది. టిబెట్ మూలాలున్న ఈ జాతి చైనా రాజప్రాసాదంలో పెరిగింది. 1908లో మరణించిన రాజమాత సిషీ వీటిని ఇష్టంగా పెంచిందని చెబుతారు. 1930లో ఇంగ్లండుకు చేరింది, 1969లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. వేటాడడానికో, మంద కాయడానికో, ఇల్లు కాపలా కాయడానికో కాకుండా తరతరాలుగా మనుషుల పక్కన కూర్చోవడానికే పెంచిన కుక్క ఇది. అందుకే షిట్జు మీరు వంటింట్లోకి వెళితే వంటింటి గడప దగ్గర పడుకుంటుంది, స్నానానికి వెళితే తలుపు బయట కూర్చుంటుంది. కొత్తవాళ్లు వచ్చినప్పుడు రెండు సార్లు మొరిగి, ఆ వెంటనే వాళ్ల ఒడిలోకి ఎక్కాలని చూస్తుంది. కాపలాకు కుక్క కావాలనుకునేవాళ్లు ఈ జాతి జోలికి రాకపోవడమే మంచిది. పామరేనియన్‌తో పోలిస్తే మొరుగుడు తక్కువ, ఉలికిపాటు తక్కువ. పెద్ద వయసువాళ్లున్న ఇంటికి చక్కగా సరిపోతుంది.

అయితే ఆ తోడు అలవాటే దీని బలహీనత కూడా. భార్యాభర్తలిద్దరూ ఉదయం తొమ్మిదికి వెళ్లి రాత్రి ఏడుకు వచ్చే ఇంట్లో షిట్జును ఒంటరిగా వదిలేస్తే అది తలుపు గీరడం, ఏడవడం, పాదాలు నాకి నాకి పుండ్లు చేసుకోవడం మొదలుపెట్టవచ్చు. పిల్లగా ఉన్నప్పటి నుంచే ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట చొప్పున ఒంటరిగా ఉండడం నేర్పాలి. వెళ్లేటప్పుడు హడావుడి చేయకుండా, తిరిగి వచ్చాక అది శాంతించిన తర్వాతే పలకరిస్తే, మనం వెళ్లిరావడం పెద్ద విషయం కాదని దానికి అర్థమవుతుంది. మరీ చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకొక జాగ్రత్త అవసరం. కుక్క పిల్లవాణ్ణి ఏమీ అనకపోవచ్చు గానీ, రెండేళ్ల పిల్లవాడు దాన్ని ఎత్తి జారవిడిస్తే కాలు విరుగుతుంది, కంట్లో వేలు పెడితే కన్నే పోవచ్చు. కాబట్టి పెద్దవాళ్లు పక్కన లేకుండా ఇద్దరినీ కలిపి వదలకూడదు.

షిట్జుకు మొండితనం ఉంటుంది, ముఖ్యంగా మలమూత్రాల అలవాటు విషయంలో. కొన్ని వారాల్లో నేర్చుకుంటుందని ఆశించి నిరాశపడేవాళ్లు చాలామంది. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆడుకున్న వెంటనే ఒకే చోటికి తీసుకెళ్లాలి. అక్కడ పని కానివ్వగానే చిన్న తినుబండారం ఇచ్చి మెచ్చుకోవాలి. ఇంట్లో పాడుచేసిందని కొడితే అది నేర్చుకునేది ఒక్కటే: మన కంట పడకుండా సోఫా వెనక పని కానివ్వడం.

పిల్లను ఎంచుకునేటప్పుడు

2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. వీలైతే తల్లిని చూసి, అది పెరుగుతున్న చోటును చూసి తీసుకోవాలి. పిల్లను దగ్గరగా పట్టుకుని ముక్కు రంధ్రాలు గమనించండి: అవి సన్నని గీతల్లా మూసుకుపోయినట్టుంటే ఊపిరి ఇబ్బంది జీవితాంతం వెంటాడుతుంది. ‘టీకప్’, ‘ఇంపీరియల్’ అని ఎక్కువ ధర చెప్పే పిల్లలు వేరే జాతి కాదు. పరిమాణం కోసం మరీ చిన్నవాటిని జతకట్టి పుట్టించినవి, ఆరోగ్య సమస్యలకు మరింత దగ్గరగా ఉండేవి. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వరకు సాగుతాయి. రేబీస్ టీకా సాధారణంగా మూడు నెలలకు వేస్తారు. ఈ వరుస పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద వదలవద్దు, ఎందుకంటే పార్వో అనే వైరస్ జబ్బు కుక్కపిల్లలను రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోతుంది. మున్సిపాలిటీలో నమోదు చేయించడం కూడా అప్పుడే పూర్తిచేసుకోవాలి.

ఎండాకాలం

మన వాతావరణంలో షిట్జుకు అతిపెద్ద ప్రమాదం వేడి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి ఒగర్చడం ద్వారా, నోట్లోను ముక్కులోను ఉన్న తడి ఆవిరైనప్పుడు దాని ఒళ్లు చల్లబడుతుంది. షిట్జు ముఖం చదునుగా, ముక్కు పొట్టిగా ఉండడం వల్ల ఆ చల్లబడే చోటే తక్కువ. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ కాస్త తడీ సరిగా ఆవిరి కాదు. అందుకే విశాఖలో 36 డిగ్రీల ఉక్కపోత రోజును తక్కువగా చూడకూడదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే కాదు, మార్చి నుంచి జూన్ దాకా నడక ఉదయం ఆరున్నర లోపు, రాత్రి ఎనిమిది తర్వాతే ఉండాలి. నేలకు అరచేతి వెనకభాగం ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల దాని పాదాలకూ పనికిరాదు. ఏసీ లేకపోయినా ఫరవాలేదు. కిటికీలకు తడి తెరలు, ఫ్యాను, గచ్చు నేల, ఎప్పుడూ నీళ్లున్న గిన్నె ఉండాలి. ఆపి ఉంచిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలకూడదు.

కుక్కకు మామూలుగా ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే అది ప్రమాదం. ఆగకుండా గట్టిగా ఒగర్చడం, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, చిక్కటి చొంగ, తూలడం, వాంతులు కనిపిస్తే ముందు నీడకు తెచ్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి ఫ్యాను పెట్టాలి. ఎండాకాలం మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు కాగి ఉంటాయి కనుక బిందెలోనో కుండలోనో ఉన్న నీళ్లు వాడండి. తడి తువ్వాలు చుట్టి ఉంచకూడదు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. నీళ్లు పోసిన తర్వాతే ఆస్పత్రికి బయలుదేరాలి; తేరుకున్నట్టు కనిపించినా వైద్యుడికి చూపించి తీరాలి.

ఈ పొట్టి ముక్కు వల్లనే మెడకు కాలరు కట్టి లాగడం మంచిది కాదు. ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వాడాలి. ఒక్కోసారి షిట్జు నిలబడిపోయి, మెడ చాచి, గురగురమంటూ గాలి లోపలికి పీలుస్తుంది. కొత్తవాళ్లు హడలిపోతారు గానీ, దీన్ని వెనుక తుమ్ము అంటారు. గొంతు నిమిరితే సాధారణంగా అర నిమిషంలో సర్దుకుంటుంది. అదే నాలుక నీలంగా మారినా, పడుకున్నప్పుడు కూడా ఊపిరి అందకపోయినా వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. మత్తు ఇచ్చే ఏ చికిత్సకైనా, విమాన ప్రయాణానికైనా ముందు పొట్టి ముక్కు జాతి అని చెప్పడం మరవవద్దు. చాలా విమానసంస్థలు ఇలాంటి జాతులను సామాను విభాగంలో తీసుకెళ్లడానికి ఒప్పుకోవు.

జుట్టు

షిట్జు జుట్టు ఇంటినిండా రాలదు, ఆ కారణం చేతనే చాలామంది దీన్ని ఎంచుకుంటారు. కానీ రాలవలసిన వెంట్రుక నేల మీద పడకుండా మిగతా జుట్టులోనే చిక్కుకుంటుంది. పెంచుకునేటప్పుడు తెలియవలసిన అసలు సంగతి ఇదే. చెవుల వెనక, చంకల్లో, హార్నెస్ రాసుకునే చోట, వెనక కాళ్ల మధ్య రెండు మూడు రోజుల్లో ఉండ కడుతుంది. పది నెలల నుంచి ఏడాది మధ్యలో పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వచ్చే దశలో ఇది మరీ ఎక్కువ. పైపైన బ్రష్ తిప్పితే పై పొర మెరుస్తుంది, అడుగున చర్మాన్ని అంటుకుని జడ కట్టినట్టు ఉండిపోతుంది. అందుకే కుక్కను పక్కకు పడుకోబెట్టి, జుట్టును పాయలుగా పైకెత్తి, చర్మం కనపడే గీత దగ్గర నుంచి ఒక్కో వరుసనూ దువ్వాలి; చివర్లో స్టీలు దువ్వెన ఎక్కడా తగలకుండా జారితేనే పని పూర్తయినట్టు.

చెవి వెనక ఉండ తగిలితే కత్తెర తీయవద్దు. చర్మం ఆ ఉండలోకి లాగబడి ఉంటుంది, దాన్ని చూడకుండా కోస్తే చెవి తెగుతుంది. కుక్కల కండిషనర్ కలిపిన నీళ్లు కాస్త చల్లి, ఉండకూ చర్మానికీ మధ్య బొటనవేలు, చూపుడువేలు బిగించి పట్టుకోవాలి. అప్పుడు ఎంత లాగినా నొప్పి చర్మందాకా పోదు. రెండో చేతి వేళ్లతో ఉండను కొస నుంచి కొద్దికొద్దిగా విప్పుతూ, ఆ తర్వాత దువ్వెన కొసపళ్లతో విడదీయాలి. పది నిమిషాలు పట్టినా కుక్క తల తిప్పకుండా కూర్చుంటే మీ చెయ్యి సరిగా ఆడుతోందని అర్థం. మొత్తానికే చిక్కుపడితే గ్రూమింగ్ చేసేవారి దగ్గర జుట్టు తీయించడం దానికి హాయి.

స్నానం రెండు మూడు వారాలకొకసారి సరిపోతుంది. చిక్కులు విప్పకుండా నీళ్లు పోస్తే అవి ఇంకా బిగుసుకుంటాయి, కాబట్టి దువ్విన తర్వాతే స్నానం. మనుషుల సబ్బు, షాంపూ దాని చర్మానికి పడవు. వానాకాలంలో జుట్టు కుదుళ్ల దాకా ఆరబెట్టకపోతే ఫంగస్ పట్టి దురద మొదలవుతుంది. రోజూ దువ్వే తీరిక లేనివాళ్లు ఆరు వారాలకొకసారి పొట్టిగా కత్తిరించే పప్పీ కట్ చేయించడం మేలు. చర్మం కనిపించేలా గుండు మాత్రం చేయించవద్దు, ఎండకు కాలుతుంది. దువ్వుతున్నప్పుడే చెవుల అంచుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో తడమండి. వాటి ద్వారా వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర సర్వసాధారణం. తిండి మానేసి, జ్వరంతో డీలాపడితే రక్తపరీక్ష చేయించాలి.

కళ్లు

షిట్జు కంటిగుంట లోతు తక్కువ, గుడ్డు పెద్దది, రెప్ప కొన్నిసార్లు పూర్తిగా మూసుకోదు. అందువల్ల దుమ్ము, వెంట్రుక, మంచం కోడు ఏది తగిలినా కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మీద పుండు పడుతుంది. కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన దూదితో, ఒక్కో కంటికి వేరే ముక్కతో, లోపలి మూల నుంచి పుసి తుడవాలి. ముఖం మీది జుట్టును ముడి వేయడమో కత్తిరించడమో చేయాలి. కన్ను చికిలించినా, నీలంగా మసకబారినా, పాదంతో రుద్దుకున్నా అదే రోజు చూపించాలి. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయడం చాలా ప్రమాదం: వాటిలో స్టెరాయిడ్ ఉంటే పుండు లోతుగా పెరిగి చూపు పోవచ్చు. పసుపుపచ్చ చిక్కటి పుసి రోజూ కడుతుంటే కన్నీరు తగ్గుతున్నట్టు అనుమానించాలి. కాగితపు పట్టీతో చేసే చిన్న పరీక్షలో అది తెలిసిపోతుంది. ఇంకొక కుక్క కరిచినప్పుడో, మెడ చర్మం పట్టి గట్టిగా లాగినప్పుడో కనుగుడ్డు బయటికి వచ్చే అవకాశం కూడా ఈ జాతికి ఉంది. అలా జరిగితే దాన్ని లోపలికి నెట్టకుండా, శుభ్రమైన తడిగుడ్డ కప్పి, క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చేర్చాలి.

తిండి, పళ్లు

ఐదు కిలోల షిట్జుకు రోజుకు కావలసింది సుమారు 350 కేలరీలు. ఒక మామూలు దోసె అందులో మూడో వంతు దాకా తినేస్తుంది. తాతయ్య ఒక ముక్క, పిల్లలు ఒక ముక్క పెట్టుకుంటూ పోతే ఆరు నెలల్లో ఊబకాయం, దానితో ఊపిరి ఇబ్బంది, మోకాలి చిప్ప జారడం వస్తాయి. పెద్ద కుక్కకు రెండు పూటలు, పిల్లకు మూడు నాలుగు పూటలు కొలిచి పెట్టాలి. అన్నం, ఉడికించిన కోడిమాంసం మాత్రమే పెడితే కాల్షియం చాలదు కాబట్టి ఇంటి తిండి పెట్టేవాళ్లు వైద్యుణ్ణి అడిగి లోటు భర్తీ చేయాలి. ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూర పులుసు, చాక్లెట్, ద్రాక్ష విషాలు. పాయసంలోని కిస్మిస్ కూడా ద్రాక్షే. జ్వరమని మనుషుల పారాసిటమాల్ వేయడం ప్రాణాంతకం.

చిన్న దవడలో 42 పళ్లు ఇరుక్కుని ఉండడం వల్ల పాచి త్వరగా గట్టిపడుతుంది. కుక్కల పేస్టుతో రోజూ తోమాలి. మన పేస్టు అది మింగేస్తుంది కనుక వాడకూడదు. ఏడు నెలలు దాటినా పాలపళ్లు ఊడకపోతే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే రోజునే అవీ తీయించవచ్చు.

షిట్జు బాగా చూసుకుంటే పన్నెండేళ్లకు పైగానే జీవిస్తుంది. ఎనిమిదో ఏడు నుంచి ఆరు నెలలకొకసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించడం అవసరం, ఎందుకంటే మూత్రపిండాల జబ్బు ఈ జాతిలో కనిపిస్తుంది. నీళ్లు ఎక్కువ తాగడం దాని మొదటి గుర్తు. ఈ వయసులో సోఫా మీది నుంచి దూకకుండా చిన్న మెట్టు పెట్టాలి, నడుము దెబ్బతినకుండా ఉంటుంది. చూపు మందగిస్తే సామాను చోటు మార్చకూడదు, నీళ్ల గిన్నె ఎప్పుడూ ఉన్న మూలనే ఉంచాలి, ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి.