ఆంగ్లం విని గ్రహించడం నేర్పే విధానం

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా వినే పిల్లలకు ఆంగ్ల పదాల చివరి హల్లులు తేలికగా చెవిన పడవు. ఈ రెండు భాషల్లోనూ మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. అందువల్ల ఉపాధ్యాయుడు ముందుగా ‘వాక్’ (walk), ‘వాక్ట్’ (walked) వంటి జంటలను నోరు కనపడకుండా పలికి, మొదటిది వినబడితే ఒక వేలు, రెండవది వినబడితే రెండు వేళ్లు చూపమనాలి.

తరువాత రైల్వే ప్రకటన వంటి చిన్న భాగాన్ని వినిపించాలి. బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందనే ప్రశ్నను మాత్రం ముందే చెప్పాలి. మొదటిసారి ఆ ఒక్క జవాబు చాలు. రెండవసారి వివరాలు రాయించి, ఆ తరువాతే పాఠ్యాన్ని చేతికివ్వాలి. అర్థాన్ని తెలుగులో చెప్పడానికి సంకోచించనక్కరలేదు. అందరూ తడబడిన వాక్యాన్ని మామూలు వేగంతోనే మళ్లీ వినిపించాలి. విడదీసి పలికితే, సహజ సంభాషణలో ఒకదానిలో ఒకటి కలిసిపోయే ధ్వనులు వారికి పట్టుబడవు.