‘చోద్యం’ మాటను ఎక్కడ, ఎలా వాడాలి?

ముందు మూలం పట్టుకోండి. సంస్కృతంలో ‘చుద్’ ధాతువుకు ప్రేరేపించడం అని అర్థం. గాయత్రీ మంత్రంలోని ‘ప్రచోదయాత్’లో ఉన్నదీ అదే. దాని నుంచి వచ్చిన ‘చోద్యం’కి శాస్త్ర చర్చల్లో లేవనెత్తదగిన ప్రశ్న, ఆక్షేపణ అని అర్థం. వింత అనే అర్థం కూడా సంస్కృతంలోనే ఉంది. మనసును కదిపి ప్రశ్న పుట్టించేదే వింత కదా! నోటి వాడుకలో ‘సోద్యం’ అనీ వినిపిస్తుంది.

ఇక వాడకం. ‘ఇదేం చోద్యమమ్మా! నిన్న నాటిన విత్తు ఇవాళే మొలకెత్తిందా?’ అన్నప్పుడు ఆశ్చర్యం, ఆరా రెండూ పలుకుతాయి. అదే ‘చోద్యం చూడటం’ అంటే అర్థం తిరగబడుతుంది. ‘ఇల్లు కాలుతుంటే చోద్యం చూస్తున్నారు’ అన్నది నింద, సాయపడకుండా నిలబడ్డారని. చాలామంది పొరబడేది ఇక్కడే. ‘పిల్లలు ఇంద్రధనుస్సును చోద్యం చూశారు’ అని రాస్తే ఆ నింద నీడ పడుతుంది. అక్కడ ‘వింతగా చూశారు’ చాలు.

‘చోద్యం’ బదులు గంభీరమైన చోట ‘విస్మయం’ వాడండి, కావ్యపు సొగసు కావాలంటే ‘అచ్చెరువు’. ఈ రెండోది ‘ఆశ్చర్యం’కి వికృతి, ప్రాకృతం మీదుగా వచ్చింది. నీటి చెరువుతో దీనికి సంబంధం లేదు. పొందు అని అర్థమిచ్చే ‘ఒందు’ చేరితే ఉత్వసంధితో ‘అచ్చెరువొందు’ అవుతుంది, విడదీసి రాయకండి. ‘అద్భుతం’కి వికృతి ‘అబ్బురం’. తెలుసుకోవాలన్న తహతహ ఒక్కటే చెప్పాలంటే మాత్రం ‘కుతూహలం’ వాడండి.