రెండు వీధులు అవతల చూడండి

సిటీలో సరిగ్గా పని ఉన్న చోటే బండి పెట్టాలనుకుంటే డబ్బులూ ఎక్కువే, టెన్షనూ ఎక్కువే. బయల్దేరే ముందే మ్యాప్‌లో అక్కడికి పది నిమిషాల నడక దూరంలో ఏ పార్కింగ్‌లు ఉన్నాయో చూసుకోండి. మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి వెళ్తే చాలాసార్లు రేటు తగ్గుతుంది. ఆఫీసుల పార్కింగ్ స్థలాలు సాయంత్రాలు, సెలవు రోజుల్లో ఖాళీగా ఉంటాయి. కొన్నిచోట్ల బయటివాళ్లకూ తక్కువకే ఇస్తారు, అడిగి చూడండి.

బోర్డు మాత్రం పూర్తిగా చదవాలి. ఒకే స్తంభానికి రెండు బోర్డులుంటే రెండూ చూడాల్సిందే. బాణం ఎటు చూపిస్తోంది, ఏ రోజు, ఏ వేళల్లో నిషేధం, అక్కడ నివసించేవాళ్లకిచ్చే పర్మిట్ ఉన్న బండ్లకేనా అన్నవి ముఖ్యం. పక్కన ఇన్ని కార్లున్నాయి కదా అని ధీమా పడొద్దు. వాళ్లందరికీ పర్మిట్ ఉండొచ్చు, లేదంటే అందరికీ కలిపి చలానా పడొచ్చు! మలుపు దగ్గర, గేటు ముందు అయితే బోర్డు లేకపోయినా పెట్టకండి.

దిగగానే బండీ బోర్డూ రెండూ కనిపించేలా ఒక ఫోటో తీసుకోండి. పొరపాటున చలానా వస్తే చూపించడానికి ఆధారం ఉంటుంది.