అటక మీద పాత మందు సీసా దొరికితే ఏం చూడాలి, ఏం చేయాలి

తిరుపతి తీర్థకట్ట వీధిలోనో చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనో పాత మిద్దె పడగొట్టి అపార్ట్‌మెంట్ కడదామని మొదలుపెడితే అటక మీద నుంచి తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి దిగుతుంది, అందులో రెండు మూడు సీసాలు, చిరిగిన ఇంగ్లీషు లేబుళ్లు, అడుగున గడ్డ కట్టిన నల్లటి మందు. విక్టోరియా రాణి కాలం (1837–1901) పేటెంట్ మందులు (లోపల ఏముందో చెప్పకుండా, ఏదో ఒక పేరు పెట్టి నేరుగా జనానికి అమ్మినవి) అప్పట్లో మన దేశంలోనూ బాగానే అమ్ముడుపోయాయి, తర్వాత అదే తరహాలో మనవాళ్లూ చేశారు. దొరికింది ఏంటో తేల్చుకోవడానికి ఒక టార్చి, ఒక భూతద్దం, ఫోన్ చాలు. ఈ మందుల్లో లేబుల్ మీద రాసినదాని కంటే రాయకుండా వదిలేసిందే అసలు సంగతి, అది గుర్తుంచుకుని చూడండి.

ముందు మూత జోలికి పోవద్దు. వాసన చూద్దాం, నాలుక కొసన పెట్టి చూద్దాం అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్ల చేతికి ఇవ్వనే ఇవ్వొద్దు. పాషాణం (ఆర్సెనిక్), పాదరసం వందేళ్లయినా విషంగానే ఉంటాయి, వాటికి ఎక్స్‌పైరీ డేట్ లేదు. క్లోరోఫాం అయితే గాలీ వెలుతురూ తగిలి ఇంకా ప్రమాదకరమైన ఫాస్జీన్ వాయువు అవుతుంది. చేతికి గ్లౌజులు వేసుకుని, సీసా నిలువుగానే పెట్టి, తుడవకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. లేబుల్‌ను తడిగుడ్డతో రుద్దితే ఉన్న నాలుగక్షరాలూ పోతాయి, పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే సరిపోతుంది.

ఇప్పుడు గాజు చూడండి. సీసా పక్కన అచ్చు అతుకు గీత సన్నగా పైకి పోతుంటుంది. ఆ గీత మెడ దగ్గరే ఆగిపోతే మూతి చేత్తో చేసినట్టు, మూతి అంచు దాకా పోతే మెషీన్ మీద చేసినట్టు. ఆటోమేటిక్ సీసాల మెషీన్‌ను అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903లో తెచ్చాడు, కానీ అది అన్ని దేశాలకూ ఒక్కసారిగా రాలేదు కాబట్టి గీత ఒక్కటే చూసి తేదీ తేల్చేయొద్దు. ముదురు నీలం లేదా ఆకుపచ్చ గాజు, ఆరు పలకలు, పక్కన వేలికి గరుకుగా తగిలే గీతలు ఉన్నాయంటే అది విషం సీసా. రాత్రిపూట దీపం వెలుతురులో దగ్గుమందు అనుకుని ఎవరూ తాగేయకూడదని, తడిమితేనే తెలిసేలా అలా చేసేవాళ్లు. (మన గోలీ సోడా సీసా కూడా ఆ కాలందే, 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంట్ తీసుకున్నాడు. డబ్బాలో అది దొరికితే హాయిగా కడిగి షోకేసులో పెట్టుకోండి.)

సీసా పక్కన పళ్లు పళ్లుగా కత్తిరించి అంటించిన కాగితం పట్టీ కనిపిస్తే అది పేటెంట్ మందు కాదు, ఆస్పత్రి కాంపౌండర్ కలిపిచ్చిన మిక్చర్. ఒక్కో పన్ను ఒక్కో డోసు. డబ్బాలో పార్సిల్ కాగితం ఉంటే పారేయకండి, అడ్రసులో చిత్తూరు పక్కన ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉంటే అది బహుశా 1911కి ముందుది, ఎందుకంటే ఆ ఏడు ఏప్రిల్ 1నే చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది.

లేబుల్‌లో మొదట చూడాల్సింది జబ్బుల పట్టిక. తలనొప్పి నుంచి లివర్ దాకా, ఆడవాళ్ల నీరసం నుంచి చర్మ వ్యాధుల దాకా అన్నిటికీ ఒకే మాత్ర అంటే చాలా సార్లు అది విరేచనాల మందే. బీచమ్స్ పిల్స్ అని ఇంగ్లండులో విపరీతంగా అమ్ముడుపోయిన మాత్రలున్నాయి, డబ్బా ఒక గినీ విలువ చేస్తుందని ప్రకటనలు ఊదరగొట్టాయి. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ వాటిని పరీక్ష చేయించి 1909లో ఫలితం బయటపెట్టింది: ముసాంబరం (ఎండబెట్టిన కలబంద పసరు), శొంఠి, సబ్బు! అంటే మన నాటు మందుల అంగడిలో కాగితంలో పొట్లం కట్టిచ్చే సరుకు. 56 మాత్రల డబ్బా ధర 1 షిల్లింగు ఒకటిన్నర పెన్నీ, లోపలి సరుకు ఖర్చు అర ఫార్దింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి లెక్కేస్తే సరిగ్గా 108 రెట్లు. ధరలో ఆ ఒకటిన్నర పెన్నీ ఎందుకంటే అది పన్ను. 1783 నుంచి 1941 దాకా ఇంగ్లండులో ఇలాంటి మందుల మీద స్టాంపు పన్ను ఉండేది, మూత మీద ప్రభుత్వ స్టాంపు పట్టీ అంటించేవాళ్లు. కొన్నవాళ్లేమో సర్కారే ఈ మందు మంచిదని ఒప్పుకుందనుకునేవాళ్లు. మీ సీసా మీద అలాంటి పట్టీ ఉంటే పన్ను కట్టారని మాత్రమే అర్థం.

ఆ మాత్రలు తిన్నవాళ్లకు మహా అయితే నాలుగు విరేచనాలు. నిజంగా భయపడాల్సింది వెంటనే గుణం కనిపించే మందులకు, ఎందుకంటే వాటిలో నల్లమందు ఉండేది. క్లోరోడైన్ అనే మందును మన దేశంలోనే ఇంగ్లీషు పటాలంలో డాక్టరుగా పనిచేసిన కాలిస్ బ్రౌన్ 1848లో కలరా కోసం తయారుచేశాడు. అందులో నల్లమందు సారం, గంజాయి, క్లోరోఫాం. నల్లమందు పేగుల కదలికను తగ్గిస్తుంది కాబట్టి విరేచనాలు కట్టేవి, నొప్పి పోయేది, జనం దణ్ణం పెట్టేవాళ్లు, తర్వాత మానలేకపోయేవాళ్లు. అమెరికాలో 1849 నుంచి అమ్మిన మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్ పళ్లొచ్చే పసిపిల్లల కోసం. దాంట్లో ఔన్సుకు 65 మిల్లీగ్రాముల మార్ఫిన్. టీస్పూను ఔన్సులో ఎనిమిదో వంతు అనుకుంటే చెంచాకు 8 మిల్లీగ్రాములు, పసిబిడ్డ ఊపిరి ఆగిపోవడానికి చాలు. ఆ దేశంలో 1906 చట్టం వచ్చాకే మార్ఫిన్, నల్లమందు, ఆల్కహాల్ ఉంటే లేబుల్ మీద చెప్పక తప్పలేదు. కాబట్టి అమెరికా సీసా మీద ఆ వివరాలు లేకపోతే అవి లోపల లేవని అనుకోకండి, ఆ సీసా 1906కు ముందుదై ఉండొచ్చు. మనమేదో గొప్ప అని కాదు, ఏడ్చే బిడ్డకు ఆవగింజంత నల్లమందు పెట్టి పొలానికి పోయిన అవ్వలు మన దగ్గరా ఉన్నారు.

కొలతలు చదవడం రాకపోతే ఇవి రాసుకోండి: గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు, బ్రిటిష్ ఔన్సు ద్రవమైతే 28.4 మిల్లీలీటర్లు, డ్రామ్ అందులో 8వ వంతు, మినిమ్ 480వ వంతు.

అన్నీ మోసమే అని కొట్టిపారేయక్కర్లేదు కూడా. గ్రైప్ వాటర్ 1851లో నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ చేసిందే, సోయకూర (డిల్) గింజల నూనె, సోడా, చక్కెర, కొంచెం ఆల్కహాల్. ఆ ఆల్కహాల్ తర్వాత తీసేశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి అమృతాంజనం 1893లో బొంబాయిలో పుట్టింది, అంటే అదీ విక్టోరియా కాలం సరుకే.

డబ్బాలో సీసాలతో పాటు అవ్వ చేతి చిట్కాల పుస్తకం దొరికితే అదీ ఇలాగే వడకట్టాలి. వాము నీళ్లు, శొంఠి కషాయం లాంటివి పెద్దవాళ్లు మితంగా తాగొచ్చు. ఆవపిండి పట్టు ఇంగ్లీషు ఇళ్లలోనూ వేసేవాళ్లు, ఎక్కువసేపు ఉంచితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఏడాది లోపు బిడ్డకు తేనెలో రంగరించి పెట్టమని ఉంటే ఆ పేజీ వదిలేయండి, తేనె వల్ల బోటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అమృతధార మాత్రం చూడముచ్చటైన వ్యవహారం: కర్పూరం, పుదీనా పువ్వు (మెంథాల్), వాము పువ్వు (థైమాల్) మూడూ గట్టి పలుకులే, చుక్క నీళ్లు పోయకుండా చిన్న సీసాలో వేసి ఊపితే వాటంతట అవే కరిగి నూనెలా అవుతాయి. రుమాలు మీద చుక్క వేసుకుని పీల్చడం వరకే. చిన్నపిల్లలకు అందనివ్వొద్దు, కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. రసం (అంటే పాదరసం), పాషాణం, తుత్తం, నల్లమందు అని కనిపించిన ఏ చిట్కా అయినా చదువుకోవడానికే. మూలికల పేర్లు అర్థం కాకపోతే తిరుపతి ఎస్వీ ఆయుర్వేద కాలేజీలో ఎవరినైనా పేజీ ఫొటో చూపించి అడిగి చూడండి.

పిల్లలెవరైనా పొరపాటున నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేసి, సీసా పట్టుకుని పెద్దాసుపత్రికి పొండి. మందు మిగిలున్న సీసాను సింకులో పారబోయొద్దు, ఆన్‌లైన్‌లో అమ్మకానికీ పెట్టొద్దు, లోపల నల్లమందు ఉంటే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం తలనొప్పి అవుతుంది. కవర్లో చుట్టి, విషం అని తెలుగులో రాసి, తాళం వేసి పెట్టి, ఎలా వదిలించుకోవాలో తెలిసిన ఫార్మసిస్టును ఫొటోలతో కలవండి. పాత సామాన్ల అంగడికైతే అసలే వేయొద్దు, అక్కడ పైపైన కడిగేసి ఆముదం పోసుకోవడానికి ఇంకెవరికో అమ్మేస్తారు.